ఫోను లేని అవ్వ ఓటు



ఈ వారం వాక్యధ్యానం కాదు, కొంచెం చరిత్ర రాస్తున్నాను. కారణం మన యవనస్థులే. సంఘ వార్షికోత్సవానికి పాత కీర్తనల్లో ఏవి పాడాలో తేల్చడానికి వాళ్ళు ఫోన్లో ఓటింగు పెట్టారు. పాత పాటల పుస్తకంలోంచి ఎవరూ పెద్దగా పాడని పన్నెండు కీర్తనలు ఏరి, ఒక్కోదాన్నీ ఒకరు పాడి పెట్టి, మూడు రోజులు గడువిచ్చారు. మొదటి నాలుగింటినీ పాడాలి. మంచి ఆలోచనే అని నేనే ఒప్పుకున్నాను. ఆ మూడు రోజులూ బెంగళూరులో, కువైట్‌లో ఉన్న మన పిల్లలు కూడా పాతపాటల మీద వాదులాడుకోవడం చూసి సంతోషపడ్డాను. ఇంతకుముందు వాళ్ళు ఆ పుస్తకం అట్ట కూడా తెరిచి ఉండరు.

అరవై పైచిలుకు ఓట్లు పడ్డాయి. ఒక కీర్తనకు మాత్రం మూడే వచ్చాయి, అన్నిటికంటే అడుగున. అది మన ముందు వరస చాపమీద కూర్చునే అవ్వ పాట. ఆమె పొలంలో పాడుతుంది, పిండి కలుపుతూ పాడుతుంది, ఎవరింట్లో చావు జరిగినా అదే పాడుతుంది. ఆదివారం ఆరాధన అయ్యాక సంగతి తెలిసి నా దగ్గరికి వచ్చింది. కోపమేమీ లేదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగింది.

"అయ్యగారూ, నాకు ఫోను లేదు గదా. నా ఓటు ఎవురేసినారు?"

నా దగ్గర జవాబు లేదు. ఇంటికొచ్చాక, పాటలకు ఓట్లు వేయడమనే పని ఎప్పుడు మొదలైంది, ఎవరు లెక్కపెట్టారు, లెక్కలో ఎవరు మిగిలిపోయారు అని ఆలోచనలో పడ్డాను. తెలిసినంత మీతో పంచుకుంటాను. ఇందులో మన జిల్లా భాగం మీరనుకునేదానికంటే ఎక్కువే.

మీలో అరవై దాటినవాళ్ళకు రేడియో సిలోన్ గుర్తుండే ఉంటుంది. 1952లో ఢిల్లీలో సమాచార ప్రసార మంత్రిగా బి.వి.కేస్కర్ ఉండేవారు. సినిమా పాటలు జనం అభిరుచిని పాడుచేస్తున్నాయని ఆయన నమ్మకం. ఆకాశవాణిలో అవి దాదాపు ఆగిపోయాయి. జనం ఊరుకుంటారా? రేడియో ముల్లు కొలంబో వైపు తిప్పారు. ఆ ఏడాదే డిసెంబరు 3న అమీన్ సయానీ అనే ఇరవై ఏళ్ళయినా నిండని కుర్రాడు సిలోన్ నుంచి 'బినాకా గీత్‌మాలా' మొదలుపెట్టాడు. బుధవారం రాత్రి 8 గంటలకు. బినాకా అంటే పళ్ళపేస్టు, వాళ్ళే డబ్బు పెట్టేవారు.

మొదట్లో ఆ కార్యక్రమం ఒక పోటీ. ఏడు పాటలు వేస్తారు. వాటిని సరిగ్గా వరసపెట్టి రాసి పంపినవాళ్ళకు నూరు రూపాయల బహుమతి. యాభై ఉత్తరాలు వస్తే గొప్ప అనుకున్నారట. మొదటి వారమే తొమ్మిది వేలు వచ్చాయి. తరువాత వారానికి అరవై ఐదు వేల దాకా వెళ్ళింది. అన్ని ఉత్తరాలు విప్పి చదివే మనుషులెక్కడ! దాంతో పోటీ తీసేసి పాటలకు వరసలు కట్టే పద్ధతి పెట్టారు. ఊళ్ళలో రికార్డుల దుకాణాల్లో ఏది ఎంత అమ్ముడైందో అడిగేవారు. శ్రోతల సంఘాలు అని ఊరూరా ఏర్పడ్డాయి, వాళ్ళ అభిప్రాయం కూడా కలిపేవారు. ఒక్కో స్థానాన్నీ సయానీ 'పాయ్‌దాన్' అనేవాడు, మెట్టు అని అర్థం. పాట మెట్లెక్కింది, దిగింది అని ఆయన చెబుతుంటే హిందీ ఒక్కముక్క రానివాళ్ళు కూడా చెవులు రిక్కించేవారు.

ఇప్పుడు జార్ఖండ్‌లో ఉన్న ఝుమ్రీ తలైయా అనే చిన్న ఊరు ఈ ఉత్తరాల వల్లనే దేశానికి తెలిసింది. అభ్రకం గనుల ఊరు. పాటలు కోరుతూ అక్కడినుంచి అన్ని కార్డులు వచ్చేవి కాబట్టి, అసలు అలాంటి ఊరు నిజంగా ఉందా, రేడియోవాళ్ళు కల్పించారా అని జనం అనుమానపడేవారు. ఆలోచించండి. ఆ ఊళ్ళో పాటను ప్రేమించేవాళ్ళు మిగతా ఊళ్ళకంటే ఎక్కువమంది ఉన్నారని కాదు. కార్డు కొని రాసి పోస్టు డబ్బాలో వేసేవాళ్ళు ఎక్కువమంది ఉన్నారు. వినేవాడు వేరు, కార్డు రాసేవాడు వేరు. రేడియో పక్కింట్లో ఉంటే గోడ మీదినుంచి విన్న ఆడమనిషికి ఆ లెక్కలో చోటు లేదు.

సిలోన్‌లో తెలుగు పాటలూ వచ్చేవి. మీనాక్షి పొన్నుదొరై గొంతు చాలామంది పెద్దవాళ్ళకు ఇప్పటికీ చెవుల్లో ఉంది. 1957 అక్టోబరు 3న వివిధభారతి మొదలయ్యాక ఆకాశవాణి కూడా దారికొచ్చింది. కోరిన పాటలు, కోరినవాళ్ళ పేర్లు, ఊళ్ళ పేర్లు. పాట కంటే తమ ఊరి పేరు వినడానికే ఎదురుచూసినవాళ్ళు ఉన్నారంటే తప్పు కాదు.

ఇంటర్నెట్టు వచ్చాక ఈ ఓట్ల పండుగ ఎంత వింతగా మారిందో చెప్పడానికి 2002 చాలు. బీబీసీ ప్రపంచ సేవకు ఆ ఏడాది డెబ్బై నిండాయి. ప్రపంచంలోకెల్లా జనానికి ఇష్టమైన పాట ఏదో చెప్పమని శ్రోతల్ని అడిగారు. దాదాపు ఏడు వేల పాటల పేర్లు వచ్చాయి. డిసెంబరులో మొదటి పది ప్రకటించారు. అందులో బీటిల్స్ లేరు. ఇంగ్లీషు దేశాలవాళ్ళు ఊహించినవి దాదాపు ఏవీ లేవు. మొదటి స్థానం ఐర్లండ్ దేశభక్తి పాటకు వచ్చింది. పందొమ్మిదో శతాబ్దంలో థామస్ డేవిస్ రాసినది, వుల్ఫ్ టోన్స్ అనే బృందం పాడినది. ఆ బృందం అభిమానులు ఒకరికొకరు ఈమెయిళ్ళు పంపుకుని ఓట్లు కుప్పపోశారు. రెండోది వందేమాతరం. 1952లో వచ్చిన 'ఆనంద్ మఠ్' సినిమాలోది, హేమంత్ కుమార్ వరస. మూడోది పాకిస్తాన్ పాట. ఇద్దరు పొరుగువాళ్ళూ ఒకరి వెనుక ఒకరు నిలబడ్డారు చూడండి!

నాలుగోది వింటే మీకు నవ్వొస్తుంది. 1991లో వచ్చిన తమిళ సినిమా 'దళపతి'లో ఇళయరాజా వరస కట్టిన డప్పుల పాట. తెలుగులోనూ వచ్చింది కాబట్టి మీలో చాలామంది ఆ వరసకు చిందేసి ఉంటారు, నాతో చెప్పకపోయినా పరవాలేదు. తమిళంలో స్వర్ణలతతో కలిసి పాడింది మన ఎస్.పి.బాలసుబ్రహ్మణ్యం. 'మన' అని ఊరికే అనలేదు. చిన్నప్పుడు నగరిలో మేనమామ ఇంట్లో ఉండి చదివాడు, తరువాత శ్రీకాళహస్తి బోర్డు హైస్కూల్లో, ఆ తరువాత తిరుపతి ఆర్ట్స్ కాలేజీలో. తిరుపతి వీధుల్లో తిరిగిన గొంతు ప్రపంచంలో నాలుగో మెట్టు మీద నిలబడింది. తెలుగు పాట మాత్రం ఆ పదిలో ఒక్కటీ లేదు.

ఐదో స్థానంలో తిరుమలై చంద్రన్ పాడిన ఒక శ్రీలంక తమిళ పాట. ఏడో స్థానంలో నేపాల్ గాయకుడు అరుణ్ థాపా. ఆ ఊళ్ళ బయట ఆ పేర్లు విన్నవాళ్ళే తక్కువ. ఇంగ్లండు పత్రికలవాళ్ళకు ఇదంతా విడ్డూరంగా కనబడే ఉంటుంది. ఓట్లు గుత్తగా పడ్డాయి, లెక్క చెల్లదు అనడం సులువు. నాకు మాత్రం ఇంకొకటి తోస్తుంది. సొంత ఊరు వదిలి లండన్‌లోనో టొరంటోలోనో రాత్రి షిఫ్టు చేసి వచ్చినవాడు, తన పాట పేరు బీబీసీ నోట ఒక్కసారి వినాలని కంప్యూటరు ముందు కూర్చుని ఉంటాడు. అది గుత్త ఓటో, ఇంటి మీద బెంగో మీరే చెప్పండి. రెండూ కావచ్చు. అయితే అలా కూర్చోవడానికి కంప్యూటరు ఉండాలి. ఇంటి దగ్గర మిగిలిపోయిన అతని తల్లికి ఆ రోజు ఓటు లేదు.

పాతపాటల అభిమానులు ఈ మధ్య ఫోన్లలో పెట్టుకునే పోటీలు ఇంకో రకం. రెండు రికార్డులు పక్కపక్కన పెట్టి ఏది గొప్పదో తేల్చడం. అందులో మన జిల్లాకు దగ్గరి జోడీ ఒకటుంది. త్యాగరాజు మీద తెలుగులో రెండు పెద్ద సినిమాలు వచ్చాయి. 1946లో చిత్తూరు నాగయ్యది, 1981లో బాపు తీసినది. నాగయ్య రేపల్లెలో 1904లో పుట్టాడు. చిత్తూరులో గుమాస్తాగా పనిచేస్తూ, రామవిలాస సభ నాటకాల్లో పాడి పేరు తెచ్చుకున్నాడు. ఆ ఊరి పేరే ఆయన ఇంటిపేరు అయిపోయింది. 'త్యాగయ్య'లో నటన, పాట, దర్శకత్వం అన్నీ ఆయనవే. 1981 సినిమాలో నటించింది జె.వి.సోమయాజులు, పాడింది బాలసుబ్రహ్మణ్యం. కాబట్టి ఈ పోటీలో రెండు వైపులా మన ప్రాంతపు గొంతులే.

ఓట్లు పెడితే ఎవరు గెలుస్తారో మీకు తెలుసు. నాగయ్య రికార్డులో గరగర ఉంటుంది, వాద్యాలు దూరంగా వినబడతాయి, తాళం నిదానం. బాలు పాట నిన్న పాడినట్టు ఉంటుంది. నేను రెండూ విన్నాను. గొంతులో హొయలు చూస్తే బాలుకే వేస్తాను. కానీ నాగయ్య పాడుతుంటే మనకోసం పాడుతున్నట్టు ఉండదు. పక్కగదిలో ఎవరో ఒంటరిగా ప్రార్థన చేసుకుంటుంటే మనం అనుకోకుండా విన్నట్టు ఉంటుంది. దాన్ని ఓటింగులో ఏ గడిలో రాయాలి? దక్షిణాది నటుల్లో మొదటి పద్మశ్రీ ఆయనదే. సంపాదించినదంతా అడిగినవాళ్ళకు ఇచ్చేసి, 1973లో చనిపోయేనాటికి చేతిలో ఏమీ మిగుల్చుకోలేదు. పాటకూ దానికీ సంబంధం లేదనవచ్చు. నాకెందుకో ఉందనిపిస్తుంది.

నాగయ్య పేరు చెప్పాను కాబట్టి ఇంకో మాట. 1939లో బి.ఎన్.రెడ్డి తీసిన సినిమాలో ఆయనే హీరో, ఆయనదే సంగీతం. ఆ సినిమా పేరు 'వందేమాతరం'. ఇక్కడినుంచి అసలు కథకు వస్తాను. ఈ దేశంలో రెండు పాటల్ని పక్కపక్కన పెట్టి పోల్చిన అతి పెద్ద సందర్భానికి మన మదనపల్లెతో సంబంధం ఉంది.

1919 ఫిబ్రవరి చివర రవీంద్రనాథ్ ఠాగూరు దక్షిణాది పర్యటనలో మదనపల్లె వచ్చారు. అప్పుడు అది చిత్తూరు జిల్లా. బిసెంట్ కాలేజీ ప్రిన్సిపాలు జేమ్స్ కజిన్స్ పిలిస్తే వచ్చి కొన్ని రోజులు విశ్రాంతిగా ఉన్నారు. సాయంత్రం కూడికలో పిల్లలు పాటలు పాడుతుంటే, ఠాగూరు తానూ ఒకటి పాడతానని జనగణమన పాడారు. 1911 డిసెంబరు 27న కలకత్తా కాంగ్రెసు సభలో మొదటిసారి పాడిన పాట అది. మదనపల్లెలో అది ఎంతమందికి తెలిసి ఉంటుంది? బెంగాలీ పాట. పల్లవి తరువాత పిల్లలు కూడా గొంతు కలిపారు. ప్రిన్సిపాలు భార్య మార్గరెట్ కజిన్స్‌కు పాశ్చాత్య సంగీతం బాగా తెలుసు. ఆమె ఠాగూరు దగ్గర కూర్చుని వరసకు స్వరాలు రాసి పెట్టింది. ఫిబ్రవరి 28న ఠాగూరు ఆ పాటను అక్కడే ఇంగ్లీషులోకి మార్చి ఇచ్చారు. కాలేజీ దాన్ని రోజూ పాడే ప్రార్థనగా పెట్టుకుంది. ఎవరూ చేతులెత్తలేదు, వేరే పాటతో పోల్చలేదు. విన్నారు, నచ్చింది, మర్నాడు మళ్ళీ పాడారు.

మార్గరెట్ కజిన్స్ ఐర్లండు మనిషి. బీబీసీ ఓట్లలో ఐర్లండు పాట మొదటిది, వందేమాతరం రెండోది అని చెప్పాను గదా. ఐర్లండు ఆవిడ మదనపల్లెలో కాగితం మీద పెట్టిన పాట ఆ పదిలో లేదు. అయినా రేపు పొద్దున మన బడిపిల్లలు లేచి నిలబడి పాడేది దాన్నే.

అది ఎలా జరిగింది? స్వాతంత్ర్యం రాగానే ఈ చిక్కు వచ్చింది. 1947లో న్యూయార్క్‌లో ఐక్యరాజ్యసమితి సభకు వెళ్ళిన మనవాళ్ళను, మీ జాతీయగీతం ఇవ్వండి, వాద్యబృందం వాయిస్తుంది అని అడిగారు. మనకు తీర్మానించిన గీతమేదీ లేదు. వాళ్ళ దగ్గర జనగణమన రికార్డు ఉంటే అది ఇచ్చారు. వాద్యబృందం అభ్యాసం చేసి వాయిస్తే అందరూ మెచ్చుకున్నారు, స్వరాలు కావాలని అడిగారు. నెహ్రూ 1948 ఆగస్టు 25న సభలో ఈ సంగతి చెప్పారు. రాష్ట్రాల గవర్నర్లకు రాసి ముఖ్యమంత్రులతో మాట్లాడి చెప్పమంటే, ఒక్క సెంట్రల్ ప్రావిన్సెస్ తప్ప అందరూ జనగణమనకే ఒప్పుకున్నారని కూడా చెప్పారు. ఆ వందేమాతరం వైపు నిలబడినవాళ్ళేమీ చిన్నవాళ్ళు కాదు. మహారాష్ట్ర సంగీతకారుడు మాస్టర్ కృష్ణారావు ఫులంబ్రీకర్ ఆ పాటను కూడా బ్యాండు మీద వాయించవచ్చని ఢిల్లీ వెళ్ళి వాయించి చూపించాడు.

వందేమాతరానికి జైళ్ళకు వెళ్ళినవాళ్ళున్నారు. 1907లో బిపిన్ చంద్రపాల్ వచ్చినప్పుడు రాజమండ్రి విద్యార్థులు ఆ మాట అన్నందుకే చదువులు పోగొట్టుకున్నారు, గాడిచర్ల హరిసర్వోత్తమరావు వాళ్ళలో ఒకరు. అదే పాటలోని తరువాతి చరణాల్లో దేవతారూపాల వర్ణన ఉంది కాబట్టి ముస్లిములు పాడలేమన్నారు. అందుకే 1937లోనే కాంగ్రెసు మొదటి రెండు చరణాలే పాడాలని నిర్ణయించింది. ఆ సభలో చేతులెత్తమంటే ఏదో ఒకటి గెలిచేది. గెలిచిన పాట పాడుతున్నప్పుడు ఓడినవాళ్ళు ఎటు చూసేవారు?

1950 జనవరి 24న రాజ్యాంగ సభ ఆఖరి సమావేశం. తీర్మానం పెట్టి ఓట్లు తీసుకోవచ్చని ముందు అనుకున్నారు. బాబూ రాజేంద్రప్రసాద్ ఓటింగు పెట్టలేదు. తానే ఒక ప్రకటన చదివారు. జనగణమన జాతీయగీతం, స్వాతంత్ర్య పోరాటంలో చరిత్రాత్మక పాత్ర ఉన్న వందేమాతరానికి దానితో సమానమైన గౌరవం. సభ్యులు చప్పట్లు కొట్టారు. ఆ రోజు రెండు పాటలూ పాడారు. ఇందులో అందరికీ తృప్తి కలిగిందని నేను చెప్పను, ఇప్పటికీ వాదనలు జరుగుతూనే ఉన్నాయి. లెక్కపెట్టడం వచ్చినవాళ్ళే, రోజూ క్లాజు క్లాజుకూ ఓట్లు వేసుకున్నవాళ్ళే, పాట దగ్గరికి వచ్చేసరికి లెక్కపెట్టలేదు. నాకు అది పెద్ద సంగతిగా కనబడుతుంది.

ఇక తిరుపతి. పాస్టరుగారు తాళ్ళపాక అన్నమాచార్యుల గురించి రాస్తారా అని కొందరు ముక్కున వేలేసుకోవచ్చు. చరిత్ర చరిత్రే. ఆయన జీవితకాలం 1408 నుంచి 1503 అంటారు. ముప్ఫై రెండు వేల సంకీర్తనలు చెప్పారని వాడుక. దొరికినవి పద్నాలుగు వేల దాకా. ఆయన కుమారుల కాలంలో వాటిని రాగిరేకుల మీద చెక్కించి తిరుమల ఆలయంలో ఒక చిన్న రాతిగదిలో పెట్టారు. తరువాత శతాబ్దాల పాటు వాటి గురించి తెలిసినవాళ్ళే తగ్గిపోయారు. 1816లో ఎ.డి.కాంబెల్ అనే కంపెనీ అధికారి తెలుగు వ్యాకరణం అచ్చువేశాడు. తిరుపతిలో రాగిరేకుల మీద పాత వ్యాకరణ గ్రంథం ఏదో ఉందని ఎవరో చెబితే ఆయన వాటిని పరీక్ష చేయించాడు. అందులో ఉన్నవి భక్తిపాటలు మాత్రమేనని తెలిసి వదిలేశాడు, ఆ సంగతి తన పుస్తకం ముందుమాటలో రాసుకున్నాడు. వ్యాకరణం కోసం వెదికినవాడికి వేల పాటలు దొరికితే, ఏమీ దొరకలేదనుకున్నాడు!

1922 ప్రాంతంలో సాధు సుబ్రహ్మణ్యశాస్త్రి ఆ రేకుల్ని మళ్ళీ వెలుగులోకి తెచ్చారు. తరువాత వేటూరి ప్రభాకరశాస్త్రి వాటి మీద కష్టపడ్డారు. అప్పుడు అసలు చిక్కు బయటపడింది. రెండు వేలకు పైగా రేకులు, ప్రతి పాటకూ పైన రాగం పేరు చెక్కి ఉంది. స్వరాలు లేవు. అంటే ఏ రాగంలో పాడాలో తెలుసు, ఎలా పాడారో తెలియదు. పాడినవాళ్ళు పోయారు, వాళ్ళ దగ్గర నేర్చుకున్నవాళ్ళూ పోయారు. 1950 ప్రాంతంలో మన రాయలసీమవాడే, మైసూరులో ముప్ఫై ఎనిమిదేళ్ళు పాఠాలు చెప్పిన రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ తిరుపతి వచ్చి, నూరుకు పైబడి పాటలకు కొత్తగా వరసలు కట్టి స్వరాలతో ఇచ్చారు. ఇప్పుడు మనం బస్టాండులో, టీ అంగడిలో వినే వరసలు పాతవని అనుకుంటాం. చాలావరకు మన తాతల కాలంలో కట్టినవి. 1900లో ఆ పాటలకు ఓటింగు పెట్టి ఉంటే ఎన్ని వచ్చేవి? బహుశా మూడు.

ఈ రాగం పేరు సంగతి మనకు కొత్తకాదు. మీ దగ్గరున్న కీర్తనల గ్రంథం 22 తెరిచి మొదటి వచనం పైన ఉన్న చిన్న మాటలు చదవండి. ఒక హెబ్రీ పేరు చెప్పి ఆ రాగం మీద పాడమని ఉంటుంది. ఆ పేరుకు ఉదయపు లేడి అని అర్థం చెబుతారు. 57, 58, 59, 75 కీర్తనల మీద నాలుగింటికీ ఒకే వరస పేరు ఉంది, దాని అర్థం 'నాశనం చేయవద్దు'. మాటలు మన చేతికి వచ్చాయి. ఆ వరస ఏమిటో భూమ్మీద ఎవరికీ తెలియదు.

మన ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం కూడా అంతే కదా. ఒరియా బ్రాహ్మణ కుటుంబంలో 1803లో పుట్టిన పురుషోత్తమ చౌధురి మొదలుకొని ఎందరో రాసిన వందల పాటలు. పైన రాగం, తాళం అచ్చువేసి ఉంటాయి. స్వరాలు మామూలుగా ఉండవు. మనం మార్చి మార్చి ఒక ముప్ఫై నలభై పాడుకుంటాం. మిగతావి పుస్తకంలో ఉన్నాయి కదా అని ధైర్యం. పుస్తకంలో మాటలున్నాయి. వరస ఎవరి గొంతులో ఉందో వాళ్ళతోనే ఉంది.

అప్పుడే నాకు మన ఓటింగులో జరిగిన పొరపాటు తెలిసింది. అవ్వ పాటను పాడి పెట్టింది కీబోర్డు వాయించే అబ్బాయి. అతనికి వరస తెలియదు. పుస్తకంలో ఆనందభైరవి అని చూసి, తనకు తెలిసిన ఇంకో ఆనందభైరవి పాట వరసలో ఆ మాటలు ఇరికించి పాడాడు. మీరు ఓటు వేయనిది ఆ పాటకు కాదు, ఆ ఇరికించిన వరసకు. తప్పు అతనిది కాదు. తెలియనిదాన్ని పాడే ధైర్యమైనా చేశాడు. అడగవలసినవాళ్ళను అడగమని చెప్పవలసింది నేను, చెప్పలేదు.

బుధవారం ఇద్దరం అవ్వ ఇంటికి వెళ్ళాం. ఆమె వేరుశనగకాయలు ఒలుస్తూ పాడింది. అది ఆనందభైరవిలాగా లేదు, అసలు ఏ రాగమో మాకు తెలియలేదు. ఆమె తల్లి పలమనేరు వైపు నుంచి నేర్చుకొచ్చిందట. మూడో చరణంలో ఒక పంక్తి పుస్తకంలో లేదు. అబ్బాయి ఫోన్లో రికార్డు చేశాడు. సగంలో కోడి అరిచింది, అవ్వ దాన్ని తిట్టింది, అదీ వచ్చింది, అలాగే ఉంచమన్నాను.

అక్కడే ఇంకో చిక్కు. ఆ వీధిలోనే ఇంకో పెద్దమ్మకు ఈ పాట వచ్చు. ఆమె వరస వేరు, అనుపల్లవి దగ్గర పైకి పోతుంది. ఇద్దరూ తమదే అసలైనదంటున్నారు. అబ్బాయి రెండూ గ్రూపులో పెట్టి ఓటింగు పెడదామా అయ్యగారూ అన్నాడు. వద్దు నాయనా, రెండూ రాసుకో అన్నాను.

గెలిచిన నాలుగు కీర్తనలూ వార్షికోత్సవంలో పాడతాం, మాట మార్చేది లేదు. ఈ శనివారం సాయంత్రం 6 గంటలకు మాత్రం గుడి వరండాలో కూర్చుంటున్నాం. ఇంట్లో పెద్దవాళ్ళుంటే తీసుకురండి, నడవలేనివాళ్ళకు ఆటో పంపుతాం. మిగిలిన పదకొండు పాటల వరసలు ఎవరికి తెలిస్తే వాళ్ళు పాడాలి. కువైట్‌లో ఉన్నవాళ్ళు మీ అమ్మలకు ఫోను చేసి అడగండి. స్వరాలు రాయడం వచ్చినవాళ్ళు ఎవరైనా ఉంటే ఒక నోటుపుస్తకం, పెన్ను తెచ్చుకోండి.

మీ పాస్టరు